కాకినాడ విద్యార్థి చదివిన దేహ గ్రంథం



ఈ శీర్షికలో మేము తరచుగా పూర్వకాలపు విద్వాంసుల జీవితాలను స్మరిస్తూ వచ్చాము. ఈ నెల మన కాలానికి చెందిన ఒక తెలుగు శాస్త్రవేత్త విద్యాప్రస్థానాన్ని పాఠకుల ముందు ఉంచదలచాము. ఆయన పేరు కుచ్చెర్లపాటి రాజు. కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో డిగ్రీ చదివి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ముగించి, అమెరికా చేరి, హార్వర్డ్ వైద్య కళాశాలలో జన్యుశాస్త్ర ఆచార్యులైన వారు. మానవ జన్యు గ్రంథాన్ని చదివిన బృందాలలో ఒకదానికి నాయకత్వం వహించినవారు.

ఆయన ముస్లిం కాదు గదా, మన పత్రికలో ఆ ప్రస్తావన దేనికని కొందరికి తోచవచ్చు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారిని, మదీనా పిల్లలకు పదేసి మందికి చదవటం, రాయటం నేర్పితే చాలునని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) విడుదల చేసిన ఉదంతం మన ఇళ్ళలో పిల్లలకు సైతం తెలిసినదే. ఆ గురువులు విశ్వాసులు కారు. అయినా వారి వద్ద ఉన్న విద్య ప్రయోజనకరమైనది కనుక దాన్ని స్వీకరించారు. మేము ఈ జీవితాన్ని ఎంచుకోవటానికి మరొక కారణం కూడా ఉన్నది. ఆ కారణం మా ఊరి చుట్టుపక్కలే ఉన్నది.

ఉద్దానం వేస్తున్న ప్రశ్న

మేము నివసిస్తున్న పలాసకు ఆనుకుని సముద్రతీరం వెంబడి వ్యాపించిన పచ్చని నేలను ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళకళలాడే ప్రాంతమిది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల గ్రామాలలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి మనుషులను హరిస్తున్నది. సాధారణంగా మూత్రపిండాలు చెడిపోవటానికి మధుమేహమో, రక్తపోటో కారణమవుతుంది. ఇక్కడ ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు కూడా ఈ వ్యాధి సోకుతున్నది. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 2210 మంది పెద్దలను పరీక్షించగా సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కనిపించింది. వారిలోనూ పదిమందిలో ఏడుగురికి తెలిసిన కారణమేదీ కానరాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులలో, మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలలో ఇటువంటి వ్యాధే కనిపిస్తున్నది.

తాగే నీటిలోని ఖనిజాలు, ఎండలో నీరు తాగకుండా గంటల తరబడి చేసే శ్రమ, పురుగుమందులు, వైద్యుని సలహా లేకుండా మింగే నొప్పి మాత్రలు, వంశపారంపర్యంగా వచ్చే బలహీనత అనే అనుమానాలు ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ ఏకైక కారణమని నేటివరకు నిరూపణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి నీరు తెచ్చే పథకమూ ఆరంభమైంది. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవలసిన అవస్థ కొంత తగ్గింది. అల్‌హమ్దులిల్లాహ్. కాని అసలు ప్రశ్న అట్లాగే నిలిచి ఉన్నది: ఒకే బావి నీరు తాగి, ఒకే పొలంలో పనిచేసిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకరికి క్రియాటినిన్ పెరుగుతుంది, మరొకరికి పెరగదు. ఎందువలన?

ఈ ప్రశ్నకు మన జనంలో రెండు తొందరపాటు సమాధానాలు వినిపిస్తాయి. ఒకటి, అంతా తఖ్దీర్, తెలుసుకోవటానికి ఏమున్నది అనేది. రెండవది, అది ఆ ఇంటి రక్తంలోనే ఉన్నది, ఆ ఇంటితో వియ్యం వద్దు అనేది. మొదటి మాట రోగిని చికిత్సకు దూరం చేస్తుంది. రెండవ మాట పెళ్ళి కావలసిన అమ్మాయిల మీద, అబ్బాయిల మీద నిరూపణ లేని అపవాదు మోపుతుంది.

హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో షామ్ దేశంలో అమ్వాస్ ప్లేగు వ్యాపించినపుడు, ఆ దిశగా బయలుదేరిన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సర్గ్ అనే చోట ఆగి, సహచరులతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించినపుడు, అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపే వెళ్తున్నామనే భావంతో ఆయన సమాధానమిచ్చారు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ కూడా ఇదే. కారణాలను అన్వేషించటం తఖ్దీర్‌ను కాదనటం కాదు. కారణాలను సృష్టించినవాడు కూడా ఆయనే. రాజు గారి వంటి శాస్త్రవేత్తల పని ఈ అన్వేషణలో ఒక భాగం.

గ్రంథాన్ని ఎలా చదివారు?

మానవ దేహంలోని దాదాపు ప్రతి కణంలోనూ 23 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో డి.ఎన్.ఏ. అనే సన్నని దారం చుట్టుకుని ఉంటుంది. ఆ దారం మీద నాలుగే నాలుగు రకాల రసాయన అక్షరాలు వరుసగా అమరి ఉంటాయి. తల్లి నుండి వచ్చిన ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుండి వచ్చిన ప్రతిలో దాదాపు అన్నే. ఈ మొత్తాన్ని జీనోమ్ అంటారు. దేహానికి కావలసిన మాంసకృత్తులను తయారుచేసే సూచనలు, అనగా జన్యువులు, అందులో సుమారు 20 వేలు ఉన్నాయి.

ఈ గ్రంథాన్ని మొదటి పుట నుండి చివరి పుట దాకా ఏకబిగిన చదవగల యంత్రం ఆ రోజులలో లేదు. దారాన్ని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో కొన్ని వందల అక్షరాల చొప్పున చదివేవారు. ఏ ముక్క తరువాత ఏది వస్తుందో పోల్చి చూసి అతికే పని కంప్యూటర్‌ది. జీవశాస్త్రమూ గణితమూ కలిసిన ఈ విద్యనే గణన జీవశాస్త్రం అంటున్నారు. కంప్యూటర్ అనుసరించే గణన విధానానికి అల్గోరిథం అనే పేరు 9వ శతాబ్దంలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండే వచ్చింది.

మదర్సాలో హిఫ్జ్ చేయించే వారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. మంచి హాఫిజ్‌కు ఏదో ఒక ఆయత్ నడుమ నుండి నాలుగు పదాలు వినిపిస్తే చాలు, అది ఏ సూరాలోదో గుర్తించి ముందుకు సాగిపోతాడు. కంప్యూటర్ కూడా చిన్న ముక్కను చూసి దాని స్థానాన్ని గుర్తించాలి. అయితే ఒకే విధమైన పదాలు రెండు మూడు సూరాలలో వచ్చే ముతషాబిహాత్ వద్ద విద్యార్థి తడబడి, ఒక సూరాలో మొదలుపెట్టి మరొక సూరాలోకి జారిపోవటం ప్రతి ఉస్తాద్‌కూ అనుభవమే. జీనోమ్‌లోనూ ఒకే వరుస వేల సార్లు పునరావృతమయ్యే చోట్లు ఉన్నాయి. అక్కడ కంప్యూటర్ కూడా దారి తప్పుతుంది. 1990లో ఆరంభమైన మానవ జీనోమ్ పథకం 2003లో పూర్తయినట్లు ప్రకటించారు. అయినా దాదాపు 8 శాతం భాగం ఖాళీగా మిగిలిపోవటానికి ప్రధాన కారణం ఈ పునరుక్తులే. ఆ ఖాళీలు 2022లో గాని పూర్తిగా నిండలేదు. ఇక్కడ మేము దివ్యవాణిని దేహంలోని రసాయన వరుసతో పోల్చటం లేదు. కంఠస్థం చేసే మనిషి శ్రమకు మాత్రమే ఈ పోలిక.

హదీసు విద్య నుండి మరొక పోలిక చెప్పవచ్చు. ఒకే గురువు నుండి పదిమంది శిష్యులు విన్న మాటను మన ముహద్దిసులు పక్కపక్కన పెట్టి చూసేవారు. తొమ్మిదిమంది ఒక రీతిగా, ఒక్కరు మాత్రం మరొక రీతిగా చెబితే పొరపాటు ఎక్కడ ప్రవేశించిందో పసిగట్టేవారు. ఒక్క ఉల్లేఖనతో తీర్పు చెప్పేవారు కారు. జన్యుశాస్త్రంలోనూ ఒక్క రోగి జీనోమ్ చదివినందువలన తేలేది తక్కువ. వేలమంది రోగుల ప్రతులను, వేలమంది ఆరోగ్యవంతుల ప్రతులను పక్కపక్కన ఉంచి, రోగులలో పదే పదే కనిపించే అక్షరభేదం ఏదో వెతకాలి. అది యాదృచ్ఛికమా, నిజమైన కారణమా అని గణితంతో తూచాలి.

పేరు లేని విద్య కోసం బయలుదేరిన వ్యక్తి

రాజు గారు కాకినాడలో చదువుకునే నాటికి జీనోమిక్స్ అనే మాటే లేదు. ఆ పేరును 1986లో పెట్టారు. ఆ పేరుతో పత్రిక 1987లో మొదలైంది. నేడు మన తల్లిదండ్రులు పిల్లవాడు ఇంటర్‌లో చేరకముందే ఈ చదువుకు ఏ ఉద్యోగం వస్తుంది, ఎంత జీతం వస్తుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నే ఆనాడు కాకినాడలో అడిగి ఉంటే సమాధానం చెప్పగలవారు ప్రపంచంలో ఎవరూ లేరు.

ఆయన ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రడిల్ వద్ద పరిశోధకునిగా చేరారు. మానవ కణాన్నీ, ఎలుక కణాన్నీ కలిపి పెంచి, ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉన్నదో కనుగొనే పద్ధతికి ఆ ప్రయోగశాల పేరు పొందింది. తరువాత ప్రిన్స్‌టన్‌లో, ఇలినాయ్ వైద్య కళాశాలలో బోధించారు. 1989లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో అణుజన్యుశాస్త్ర శాఖాధిపతి అయ్యారు. 2001లో హార్వర్డ్ చేరి, అక్కడ నూతనంగా స్థాపించిన జన్యుశాస్త్ర, జీనోమిక్స్ కేంద్రానికి తొలి శాస్త్ర సంచాలకులయ్యారు.

1985లో ఆయన ఆలివర్ స్మిథీస్ మొదలైన సహచరులతో కలిసి ప్రకటించిన పరిశోధన ఆ కాలానికి పెద్ద ముందడుగు. అంతకుముందు శాస్త్రజ్ఞులు కణంలోనికి బయటి డి.ఎన్.ఏ.ను పంపగలిగినా, అది ఎక్కడ అతుక్కుంటుందో వారి వశంలో ఉండేది కాదు. సవరణ చీటీని గ్రంథంలో ఏ పుట దొరికితే ఆ పుటలో అంటించినట్లుండేది. వీరు మానవ కణంలో బీటా గ్లోబిన్ జన్యువు ఉన్న చోటనే దాన్ని చేర్చి చూపించారు. జన్యువులను కోరిన చోట మార్చే పద్ధతులకు 2007లో నోబెల్ పురస్కారం ప్రకటించినపుడు స్మిథీస్‌తో పాటు మరి ఇద్దరికి అది దక్కింది. రాజు గారు ఆ ముగ్గురిలో లేరు. అందువలన ఆయన పని ఆగలేదు. ఇఖ్లాస్ గురించి పాఠాలు చెప్పే మాబోటి వారు గమనించవలసిన సంగతి ఇది.

బీటా గ్లోబిన్ మన ఇళ్ళకు దూరమైన విషయం కాదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు కావలసిన ఈ జన్యువులోని దోషం వల్లనే బీటా తలసీమియా వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒక్కొక్క దోషపూరిత ప్రతి ఉంటే వారు ఆరోగ్యంగానే కనిపిస్తారు. కాని పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం రోగం వైపు ఉంటుంది. దగ్గరి బంధువులలో ఒకే దోషం ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మేనత్త, మేనమామ, పినతల్లి, పెదతండ్రి బిడ్డలతో వివాహాన్ని షరీఅత్ అనుమతించింది, కాని విధించలేదు. అనుమతించిన దానిలో జాగ్రత్త వహించటం అనుమతిని కాదనటం కాదు. ఇంట్లో తలసీమియా బిడ్డ ఉన్నపుడు, దగ్గరి సంబంధం నిశ్చయించే ముందు ఇరువైపులా ఒక రక్తపరీక్ష చేయించమని నికాహ్ చదివే పెద్దలు సలహా ఇవ్వాలని మా అభిప్రాయం.

విడివిడిగా తోచిన పనులు కలిసిన చోటు

రాజు గారి జీవితంలో మమ్మల్ని అత్యంత ఆకర్షించిన విషయం ఇది. మానవ జీనోమ్ పథకంలో ఆయన బృందం 12వ క్రోమోజోమును చేపట్టింది. 13 కోట్లకు పైగా అక్షరాలున్న ఆ క్రోమోజోముకు వివరమైన పటాన్ని 2001లో ప్రకటించారు. కొన్నేళ్ళ శ్రమ తరువాత వెలువడిన ఆ పటంలో రోగికి ఇచ్చే మందు ఏదీ లేదు. అది కేవలం పటం.

మరొక వైపు, ఆయన స్థాపకులలో ఒకరైన సంస్థలలో ఒక విచిత్రమైన ఎలుకను తయారుచేశారు. రోగక్రిములను ఎదుర్కొనే ప్రతిరక్షకాలను ఎలుక దేహంలో తయారుచేయించి మనిషికి ఇస్తే, మన దేహం వాటిని పరాయివని తిరస్కరిస్తుంది. అందుకని ఎలుకలోని ప్రతిరక్షక జన్యువుల స్థానంలో మానవ జన్యువులను చేర్చారు. ఆ ఎలుక మానవ ప్రతిరక్షకాలను తయారుచేయసాగింది. వాటిలో నుండి పానిటుముమాబ్ అనే మందు వచ్చింది. 2006లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముదిరిన పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతించింది.

మందు వచ్చింది గాని అందరికీ పనిచేయలేదు. కొందరిలో కణితి తగ్గింది, కొందరిలో ఏ మార్పూ లేదు. ఎందుకని వెతికితే కారణం క్రాస్ అనే జన్యువులో కనిపించింది. పెద్దపేగు క్యాన్సర్ రోగులలో సుమారు 40 శాతం మంది కణితులలో ఆ జన్యువు మారి ఉంటుంది. మారినవారికి ఈ మందు సాధారణంగా పనిచేయదు. 2009 నుండి ఆ పరీక్ష చూసి మందు ఇవ్వాలనే నియమం మందు పత్రంలోనే చేరింది. ఆ క్రాస్ జన్యువు ఎక్కడ ఉన్నది? 12వ క్రోమోజోము మీదనే.

పటం గీసిన నాడు అది ఏ రోగికి ఎప్పుడు పనికివస్తుందో చెప్పటం సాధ్యం కాదు. ఎలుకను తయారుచేసిన నాడు దాని మందు ఎవరికి పనిచేయదో చెప్పటమూ సాధ్యం కాదు. సంవత్సరాల తరువాత రెండు పనులూ ఒక రోగి మంచం పక్కన కలిశాయి. 2012లో 276 పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ నమూనాల జన్యు వివరాలను ఒక జాతీయ పథకం ప్రకటించినపుడు ఆ పరిశోధన బాధ్యతలు వహించిన ప్రధానులలో రాజు గారు ఒకరు. తహ్‌సీలె ఇల్మ్‌లో సబ్ర్ అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పవలసి వచ్చినపుడు ఈ ఉదాహరణ ఉపకరిస్తుంది. ఈ రోజు వల్లించే సర్ఫ్, నహూ సూత్రం ఏ ఆయత్ భావాన్ని ఏనాడు విప్పుతుందో పదేళ్ళ పిల్లవానికి తెలియదు. అయినా వల్లించాలి.

ఎలుకలో మానవ జన్యువు పెట్టటం అల్లాహ్ సృష్టిని మార్చటం కాదా అని అడిగేవారు ఉంటారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఫిఖ్ పండితులు ఈ విషయంలో చికిత్స కోసం చేసే పనినీ, అహంకారం కోసం, కోరిన రూపం కోసం చేసే పనినీ వేరుగా చూశారు. వంశపరంపర తారుమారయ్యే పనులను నిషేధించారు. ప్రాణం కాపాడే పనులకు, హాని లేనపుడు, ద్వారం తెరచి ఉంచారు. ఇటువంటి ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన ఆలిమ్‌కు జన్యువు అంటే ఏమిటో తెలిసి ఉండటం అవసరం. 13వ శతాబ్దపు ఇబ్న్ నఫీస్ గుండె నుండి ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే మార్గాన్ని వర్ణించిన వైద్యుడు. ఆయనే కైరోలోని ఒక మదర్సాలో షాఫియీ ఫిఖ్ బోధించినవాడు. ఆ రెండు విద్యలూ ఒకే గదిలో ఇమడవని మనకు మనమే గీత గీసుకున్నాము.

అమానత్

2010లో అమెరికా అధ్యక్షుడు నియమించిన జీవనైతిక కమిషన్‌లో రాజు గారు సభ్యులుగా పనిచేశారు. ఆ కమిషన్ 2011లో ఒక చేదు చరిత్రపై విచారణ నివేదిక ఇచ్చింది. 1946 నుండి 1948 దాకా గ్వాటెమాలాలో అమెరికా పరిశోధకులు ఖైదీలకు, సైనికులకు, మానసిక రోగులకు వారి అంగీకారం లేకుండా లైంగిక వ్యాధులను బుద్ధిపూర్వకంగా అంటించి ప్రయోగాలు చేశారు. విజ్ఞానం పేరిట జరిగిన దౌర్జన్యమది. 2012లో అదే కమిషన్ జీనోమ్ గోప్యతపై నివేదిక ఇచ్చింది.

ఒక మనిషి జీనోమ్ అతనొక్కడి రహస్యం కాదు. అతని తల్లిదండ్రుల, తోబుట్టువుల, పుట్టబోయే బిడ్డల రహస్యం కూడా. అది పరిశోధకుని చేతిలో పెట్టిన అమానత్. ఉద్దానం గ్రామాలకు ఎన్నో బృందాలు వచ్చి నీటి నమూనాలు, రక్త నమూనాలు తీసుకువెళ్ళాయి. ప్రజలు విసుగు చెందకుండా సహకరించాలి. అదే సమయంలో ఈ రక్తం దేనికి వాడతారు, మా పేర్లు ఎవరికి తెలుస్తాయి, ఫలితం మాకు ఎప్పుడు చెబుతారు అని అడగటం వారి హక్కు. అడిగినవారిని మూర్ఖులుగా చూడకుండా వారి భాషలో సమాధానం చెప్పటం పరిశోధకుల బాధ్యత. ఆ పని ఈ ఊళ్ళ యాస తెలిసిన బిడ్డ చేయగలిగినంతగా మరొకరు చేయలేరు.

మన ఇళ్ళ నుండి ఎవరు?

ఇక మా అసలు మాటకు వచ్చాము. ఉద్దానం రహస్యం విప్పటానికి జన్యువుల పాత్ర ఎంత, నీటి పాత్ర ఎంత, ఎండ పాత్ర ఎంత అని తూచవలసి ఉన్నది. జన్యువుల పాత్ర స్వల్పమేనని తేలినా అది గొప్ప మేలు. ఆ ఇళ్ళపై పడిన అపవాదు తొలగిపోతుంది. ఆ తూనికకు జీవశాస్త్రమూ, గణితమూ, ఈ నేలమీద ప్రేమా ఉన్నవారు కావాలి. వారు కాశీబుగ్గ నుండి, టెక్కలి నుండి, సోంపేట నుండి ఎందుకు రాకూడదు?

మన ముస్లిం కుటుంబాలకు ఈ మార్గం అపరిచితమేమీ కాదు. బిహార్‌లోని గయలో జన్మించిన సయ్యద్ ఎహ్తెషామ్ హస్నైన్ 1999లో హైదరాబాదులోని డి.ఎన్.ఏ. ఫింగర్ ప్రింటింగ్ కేంద్రానికి తొలి సంచాలకులయ్యారు. 2005 నుండి 2011 దాకా హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. క్షయ వ్యాధి క్రిమి జీనోమ్‌పై ఆయన చేసిన కృషి ప్రసిద్ధమైనది. 2006లో పద్మశ్రీ లభించింది. హైదరాబాదులోనే 1977లో ఆరంభమైన సి.సి.ఎం.బి. దేశంలో జన్యు పరిశోధనకు ముఖ్య స్థానం. తిరుపతిలో 2015 నుండి ఐసర్ విద్యాసంస్థ నడుస్తున్నది. ఇవన్నీ ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో, లేదా దానికి కాస్త అవతల ఉన్నాయి.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. మన రాష్ట్రంలో పదవ తరగతి తరువాత బైపీసీలో చేరినవారు గణితాన్ని, ఎంపీసీలో చేరినవారు జీవశాస్త్రాన్ని సాధారణంగా విడిచిపెడుతూ వచ్చారు. ఈ విద్యకు రెండూ కావాలి. ఆసక్తి ఉన్న బిడ్డ ఏ వైపు చేరినా, రెండవ దాన్ని ఇంట్లోనైనా కొనసాగించేలా చూడండి. నీట్‌లో సీటు రాకపోతే జీవశాస్త్రం వృథా అయిందని దుఃఖించవద్దు. పీహెచ్‌డీ అంటే ఇంటిపై భారమని భయపడవద్దు. జాతీయ అర్హత పరీక్షలో జె.ఆర్.ఎఫ్. పొందిన విద్యార్థికి ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది. గల్ఫ్ వీసాకు అప్పుచేసి పంపే తండ్రి, ఐదేళ్ళ చదువుకు ఓపిక పట్టలేకపోవటం మమ్మల్ని బాధిస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. గణన జీవశాస్త్రానికి పునాది వేసినవారిలో మార్గరెట్ డేహాఫ్ అనే మహిళ ప్రముఖురాలు. 1965లో, అప్పటికి తెలిసిన 65 మాంసకృత్తుల అక్షర వరుసలను సేకరించి, కంప్యూటర్‌తో పోల్చి గ్రంథంగా ప్రకటించారు. నేటి జన్యు భాండాగారాలకు అది మూలం. ఈ పనిలో అధిక భాగం పుస్తకం, కంప్యూటర్, ఏకాగ్రతతో సాగేది. హిజాబ్‌లో ఉన్న మన అమ్మాయికి ఇందులో అడ్డంకి ఏమున్నదో మాకు కనిపించటం లేదు.

మదర్సాలలో మాతోటి ఉపాధ్యాయులకు కూడా విన్నవించుకుంటున్నాము. అల్ ఖ్వారిజ్మీ, ఇబ్న్ నఫీస్ పేర్లు సభలలో చెప్పి సంతృప్తిపడటం చాలు. మన విద్యార్థులకు మాపటి వేళ ఒక గంట గణితం, ఒక గంట విజ్ఞానశాస్త్రం చెప్పించే ఏర్పాటు చేద్దాము. ఏడాదిలో 600 పుటలు కంఠస్థం చేయగల బుర్రకు బీజగణితం కష్టమని అనటం ఆ బిడ్డకు చేసే అన్యాయం.

ఆ బిడ్డలు ఎదిగి వచ్చేలోగా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాము. ఉద్దానం ప్రాంతంలోని ప్రతి ఇంటిలో పెద్దలు ఏడాదికొకసారి క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి మాత్రలను దుకాణంలో అడిగి కొని మింగటం మానాలి. తోటలో, పొలంలో పనిచేసేవారికి నీడ, నీరు అందించటం యజమాని బాధ్యతగా భావించాలి. రోగి ఉన్న ఇంటిని వంశదోషం పేరుతో నిందించటం మానాలి. అది గీబత్ కంటే భారమైన అపనింద. జుమా ప్రసంగాలలో ఈ నాలుగు మాటలూ చెప్పమని ఖతీబులను కోరుతున్నాము.

కాకినాడ కళాశాల బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి మానవ దేహ గ్రంథంలో ఒక అధ్యాయానికి పటం గీయగలిగాడు. మన తీరం వేస్తున్న ప్రశ్నకు సమాధానం వెతికేవారిని మన ఇళ్ళ నుండి, మన పొరుగు ఇళ్ళ నుండి లేపమని అల్లాహ్‌ను వేడుకుందాము. ప్రయోజనకరమైన జ్ఞానాన్ని మన సంతానానికి ఆయన ప్రసాదించుగాక. ఉద్దానం రోగులకు స్వస్థతను, వారికి సేవ చేసేవారికి ప్రతిఫలాన్ని అనుగ్రహించుగాక. ఆమీన్.